ఎదుటోడెవరని అడిగే నా కొడుకు

మా అబ్బాయి పోయాడు. పెట్రోలు కరువులో బొగ్గు కాల్చి నడిపే తిరుపతి చిత్తూరు బస్సు మీరెప్పుడైనా ఎక్కి ఉంటే వాడిని చూసే ఉంటారు. బస్సు వెనకాల బొగ్గుల డ్రమ్ము పక్కన మసి మొహంతో నిలబడి, చంద్రగిరి దాటాక మిట్ట ఎక్కలేక బండి మొరాయిస్తే, "దిగండప్పా, దిగి ఒక తోపు తొయ్యండి, టిక్కెట్టు కొన్నంత మాత్రాన బండి మిట్టెక్కదు" అని అరిచే క్లీనరు వాడే. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో విషజ్వరం తగిలింది. ఆసుపత్రి మందు తాగించాను, కొండ మీది తీర్థం తెచ్చి పోశాను. ఏదీ వాడిని ఆపలేదు.

పలకరించడానికి వచ్చిన వాళ్లంతా ఒకటే మాట. "అంత కండ ఉన్న పిలగాడు, ఒట్టి జరానికి పోయినాడే." ఈ మాట విని విని నా చెవులు తూట్లు పడ్డాయి. ఒట్టి జ్వరమట. వాడే ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. "అది ఒట్టి జరమెట్లయితాది మా? ఇంతకు ముందర అది ఎంతెంతోళ్లను పడగొట్టిందో అడుగు" అనేవాడు. ఎదుటివాడు ఎవరని అడగకుండా గెలుపు గురించి గానీ ఓటమి గురించి గానీ మా ఇంట్లో ఎవర్నీ మాట్లాడనిచ్చేవాడు కాదు. దాంతోనే నా ప్రాణం తీశాడు.

నేను మూడో తరగతి దాకా చదివాను. కూడబలుక్కుని చదువుతాను, అట్లాగే రాస్తాను. ఈ పత్రికలో పోయినవాళ్ల గురించి రాసేవి చదువుతుంటాను. పోయినవాళ్లంతా దేవుళ్లే. ఒకరి మాటకు అడ్డు చెప్పి ఎరగరు. నా కొడుకు అట్లాంటివాడు కాదు. అడ్డు చెప్పడమే వాడి పని. అందుకని వాడు ఎట్లా ఉండేవాడో అట్లాగే రాస్తాను, తప్పులుంటే సర్దుకోండి.

మా ఇంటికి ఎదురుగా అరుగు మీద మిషను పెట్టుకుని కుట్టే టైలరు ఒకాయన ఉన్నాడు. యుద్ధం మొదట్లో కొన్నాళ్లు మద్రాసులో సోల్జర్ల బట్టలు కుట్టి వచ్చాడు. అక్కడ సోల్జర్లు చేతులకు తోలు తొడుగులు వేసుకుని కొట్టుకోవడం చూశాడట. దాన్ని బాక్సింగు అంటారు. ఆ జబ్బు ఈయన తెచ్చి మావాడికి అంటించాడు. నన్ను అక్కా అంటాడు, మావాడు ఆయన్ని మామా అనేవాడు.

అందులో హెవీవెయిట్ అని ఒకటి ఉందట. ఎంత బరువున్నవాడైనా రావచ్చు, పైన హద్దు లేదు. అందులో గెలిచినవాడు లోకానికే మొనగాడట. అమెరికాలో ఇప్పుడున్న చాంపియన్ నల్లాయన. అంతకు ముందు ఎప్పుడో ఒక తెల్లాయన ఉండేవాడట. మావాడు నల్లాయన పక్షం. టైలరు తెల్లాయన పక్షం. ఆ ఇద్దరు మహానుభావులకూ తిరుపతి ఎక్కడుందో తెలియదు, వీళ్లు మాత్రం నా పొయ్యి దగ్గర వాళ్ల కోసం గొంతులు చించుకునేవాళ్లు.

మద్రాసు ఇంగ్లీషు పేపర్లు చిత్తూరు వకీళ్ల కోసం బస్సులో పోయేవి. చదివి పారేసినవి మావాడు అడిగి తెచ్చేవాడు. టైలరుకు అవి జాకెట్ల కొలతకు కత్తిరించుకోవడానికి పనికొచ్చేవి. కత్తెర పెట్టకముందే బాక్సింగు వార్త ఉందేమో వెతికి చదివేవాడు. ఇంగ్లీషు చదివేది ఆయన, వాదించేది మావాడు. ఆయన తన పక్షానికి అడ్డొచ్చే మాటలు చదవకుండా దాటేసేవాడు. మావాడికి ఒక్క అక్షరం రాకపోయినా పట్టేసేవాడు.

"మామా, ఆడ ఒక లైను మింగినావు."

"నీకెట్ల తెలుసురా, ఇంగ్లీషు నీకొచ్చునా?"

"నీ గొంతు వచ్చు నాకు. మింగేటప్పుడు నీళ్లు తాగినోని మాదిరి కిందికి పోతాది. కక్కు."

కక్కేవాడు. మళ్లీ మొదలు.

ఆ వాదన నేను సంవత్సరాల పొడుగునా సంగటి కెలుకుతూ విన్నాను. నాకు వద్దన్నా బుర్రలోకి ఎక్కింది. టైలరు అనేదేమంటే, "మీ వోడు నెలకొకణ్ణి కొడతాండాడు, సరే. ఎవర్ని కొట్టినాడు? కాళ్లు వణికే ముసలోళ్లను, తాగుబోతులను, పొట్టలు పెరిగినోళ్లను. మా పాతాయన కొట్టినోళ్లు ఒక్కొక్కడు మద్ది మాను మాదిరి ఉండేవాళ్లు. తక్కువ మందిని కొట్టినా వాళ్ల బరువు సూడాల."

మావాడు ఊరుకుంటాడా. "మావోడు ఎవడొస్తే వానితో ఆడినాడు మామా. కాదని ఒక్కణ్ణి తిప్పి పంపలేదు. మీ పాతాయన నల్లోళ్లతో ఆడనని గీత గీసుకోలా? మన బావి కాడికి కొందర్ని రానీకుండా నీళ్లన్నీ మావే అంటారే, అది నీళ్లు చేదే మొనగాడితనమా? ఎవర్ని కొట్టినాడని సూడొద్దు, ఎవర్ని తప్పించుకొన్నాడో అది సూడు."

ఈ ఆఖరి మాట వాడికి దేవుడి మంత్రం. బావి మాట వీధిలో కొందరికి మండేది. వాళ్లు వచ్చి నాతో చెప్పేవాళ్లు, నీ కొడుకు నోరు అదుపులో పెట్టుకోమను అని. నేను వాడికి చెప్పేదాన్ని. వాడు, "వాళ్లే వచ్చి నాతో చెప్పమను, నీతో యాల చెప్తారు? తప్పించుకొంటాండారు" అనేవాడు. ఏం చేయమంటారు అట్లాంటి వాడితో?

ఒకనాడు విసిగిపోయి అన్నాను. "మీ అమెరికావాళ్లను ఇద్దర్నీ మా బావి గట్టుకు రమ్మను. ఎండాకాలంలో అడుగున చెంబెడు నీళ్లున్నప్పుడు ఆడోళ్ల మధ్యన కుండ పట్టుకొని నిలబడమను. నిండిన కుండతో బయటికి వస్తే అప్పుడు ఒప్పుకుంటా మొనగాళ్లని." టైలరు కుట్టే జాకెట్టు పక్కన పెట్టి మరీ నవ్వాడు. మావాడు మాత్రం నవ్వలేదు. ఆలోచించి, "నిజమే మా, నీ ఎదుటోళ్లు గట్టోళ్లు" అన్నాడు.

ఆ మాట నాకు బాగానే ఉండింది. వాడికి చెప్పలేదు.

మాటలతో పోతే సరిపోయేది. టైలరు బస్సు సీటు పాత గుడ్డతో చేతి తొడుగులు కుట్టిచ్చాడు. అందులో కూరిన దూది నా తలగడలోది. ఇప్పటికీ ఆ తలగడ అప్పడంలాగే ఉంది. తర్వాత వాడు చంద్రగిరి మిల్లులో ఊడ్చిపోసిన ఊక గోతానికెత్తి తెచ్చి వంటింటి ముందు, వీధికి కనబడే వసారా దూలానికి వేలాడదీశాడు. తెల్లవారి బస్సుకు పోయేముందు దాన్ని కొట్టేవాడు. దెబ్బ పడినప్పుడల్లా ఊక రాలేది, నా సంగటిలో, నా ఊరిబిండి పచ్చడిలో, నా తలలో. ఊకతో పాటు నాలుగు నూకలు కూడా రాలేవి. ఇది మా కోళ్లు కనిపెట్టాయి. వాడు తొడుగులు తొడుక్కోవడం చూస్తే చాలు, వీధి చివరి నుంచైనా పరిగెత్తుకొచ్చి గోతం కింద గుంపు కట్టేవి. ఒకవైపు వాడి దెబ్బలు, కింద కోళ్ల కుమ్ములాట, మధ్యలో చీపురుతో నేను.

"ఆ గోతం తీసెయ్‌రా, నీకు దండం పెడతాను."

"కోళ్లనడుగు మా. అవి తీసెయ్యమంటే తీసేస్తా."

ఒక మామిడికాయల సీజన్లో చిత్తూరు మండీల పక్కన ఆటల డేరా వేశారు. అందులో పట్టాళంలో పనిచేసి వచ్చిన బాక్సింగు మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన ముందర మూడు రౌండ్లు పడిపోకుండా నిలబడినవాడికి బుట్టెడు బేనిషా మామిడిపళ్లు. మావాడు ఆ మాట విన్నాక ఆగుతాడా. టైలరు మిషనుకు గుడ్డ కప్పి వెంట పోయాడు. నాకు చెప్పకుండా పోయారు.

సాయంత్రం బస్సు దిగి వచ్చారు. మావాడి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. చేతిలో ఒక్కటే మామిడిపండు. వీధంతా చుట్టూ మూగింది. టైలరు చేతులు చాపి చెప్పడం మొదలుపెట్టాడు. "మనిషా వాడు? ఏనుగు గున్న. చేతులు మోకాళ్ల దాకా ఉండాయి. ఆ దెబ్బకు ఎద్దయినా పడుతాది. మనోడు రెండో రౌండు దాకా నిలబడినాడంటేనే గొప్ప."

అందరూ అబ్బా అబ్బా అంటున్నారు. నాకు కొంచెం ప్రాణం నెమ్మదించింది. ఓడినా పరువు నిలిచిందిలే అనుకున్నాను. అప్పుడు మావాడు వాచిన పెదిమతో నోరు తెరిచాడు.

"అబద్ధాలు చెప్పొద్దు మామా. ఆయన నా అంతే ఉండాడు. నాకన్నా ముసలోడు. ఆయాసపడతానే కొట్టినాడు నన్ను. ఒక దెబ్బ కొట్టి ఊపిరి పీల్చుకొని ఇంకో దెబ్బ కొట్టినాడు. అయినా నాకు తప్పించుకొనేది తెలీలేదు."

వీధి ఒక్కసారిగా నవ్వింది. అప్పటి నుంచి వాడిని, "ముసలోడి చేతిలో దెబ్బలు తిన్నోడు" అనే పిలిచారు. ఇంట్లోకి వచ్చాక నేను గట్టిగా అరిచాను. "మామ నీ పరువు కోసం నాలుగు మాటలు చెప్తాంటే నీ నోరు ఎందుకు లెగిసింది? ఊరికే ఉంటే ఏం పోయింది?"

వాడు పీట మీద కూర్చుని, పండు కంటికి అద్దుకున్నాడు. "ఆయన్ను పెద్దోణ్ణి చేస్తే నేను పెద్దోణ్ణి అయితానా మా? ముసలితనంలోనే అట్ల కొట్టినాడంటే వయసులో ఎట్ల ఉన్నింటాడో, అది సూడు. ఈ పండు ఆయనే ఇచ్చినాడు. మళ్లీ రారా, నేర్పిస్తా అన్నాడు."

కాసేపటికి ఆ పండే కోసి సగం నాకిచ్చాడు. తీపి పండే. కోపంతోనే తిన్నాను.

మళ్లీ సీజనుకు డేరా రాలేదు. వాడు ఆడిన ఆట అదొక్కటే. ఓడిన ఆట అదొక్కటే.

ఇక జ్వరం సంగతి. మంచం మీద పడ్డాక కూడా వాడికి పేపరు కావాలి. నల్లాయన ఇంకొకడితో ఆడబోతున్నాడని, ఆ ఇంకొకడు ఎట్లాంటివాడో తెలుసుకోవాలని. టైలరు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి మంచం పక్కన కూర్చుని చదివేవాడు. మొదటి వారం బాగానే పోట్లాడుకున్నారు. డాక్టరు మాట్లాడించొద్దన్నా వినలేదు. నేను గంజి గిన్నెతో నిలబడి ఇద్దర్నీ తిట్టాను.

తర్వాత వాడి గొంతు సన్నబడింది. చెంపలు లోపలికి పోయాయి. ఒక మధ్యాహ్నం టైలరు పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని, మెల్లగా అన్నాడు. "నాకు తెలీక ఇన్నాళ్లు మొండిగా మాట్లాడినానురా. నువ్వు చెప్పిందే న్యాయం. మీ నల్లాయనే పెద్దోడు. మా పాతాయన దిగదుడుపే."

మావాడు కళ్లు తెరిచి ఆయన్నే చూశాడు. నన్ను కూడా చూశాడు. అప్పుడు అడిగాడు.

"మామా, నేను సచ్చిపోతాండానా?"

"అదేం మాటరా?"

"మరి ఎందుకు ఒప్పుకొంటాండావు?"

నా చేతిలో గంజి గిన్నె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. టైలరు కొలత టేపు మెడలోనే ఉండిపోయింది, దాని కొస పట్టుకుని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ చుట్టుకున్నాడు. తర్వాత గట్టిగా అన్నాడు. "ఒప్పుకొన్నానని ఎవడు చెప్పినాడు నీకు? జరంలో ఉండావని ఒక మాట అంటే అది పట్టుకొంటావా? పోయిన నెల మీ వోడు కొట్టిన మనిషి ఎవడు? వాణ్ణి మా మిషను కాడ నిలబెడితే దారం కూడా ఎక్కించలేడు."

మావాడు నవ్వాడు. "అట్ల రా దారికి" అన్నాడు. అంతకు మించి వాదించే ఓపిక వాడికి లేదు. కళ్లు మూసుకుని వింటూ పడుకున్నాడు. టైలరు సాయంత్రం దాకా తిడుతూనే ఉన్నాడు, అమెరికాలో ఉన్న ఒక మనిషిని.

ఆ వారంలోనే పోయాడు.

పెద్ద దినం నాడు విస్తరి వేసి వాడికి ఇష్టమైనవి పెట్టాను. రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి. సగం కోసిన మామిడిపండు పెట్టాలనుకున్నాను గానీ కాలం కాదు, దొరకలేదు. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలని మన వాడుక. వీధిలో వాళ్లంతా వచ్చి కూర్చున్నారు. వాడు మంచోడు అన్నారు. నోట్లో నాలుక లేనివాడు అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఎవరి కొడుకు గురించి మాట్లాడుతున్నారో అర్థం కాలేదు. బావి మాటకు నా మీదికి వచ్చిన ఆయన కూడా, "వాడు చెప్పిందాంట్లో న్యాయం ఉన్నింది" అన్నాడు. రేపు బావి కాడికి ఎవరినైనా రానిస్తాడా అంటే రానివ్వడు. ఉత్త మాట.

చివర్న టైలరు లేచాడు. అందరి ముందర చేతులు జోడించి అన్నాడు. "మా అల్లుడు చెప్పిందే నిజం. ఆ నల్లాయనే అందరికన్నా గొప్పోడు. నేను ఓడిపోయినాను."

అందరూ తలలు ఊపారు. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం పొయ్యిలో కట్టె చేతికి తగిలినట్టయింది.

"కూర్సోబ్బా" అన్నాను. "ఎవరడిగినారు నిన్ను ఓడిపొమ్మని?"

"అక్కా, వాడు పోయినాక ఇంకా—"

"వాడు పోతే మీ పాతాయన బలం తగ్గిందా? నిన్న మద్ది మానులను కొట్టినోడు ఈ రోజు ఎట్ల చిన్నోడయినాడు? ఎదుటోడు చేతులు దించుకొని నిలబడితే కొట్టినోడిది గెలుపా? నా కొడుకు దాన్ని గెలుపంటాడా? ముసలోని చేతిలో ఓడిపోయినానని వీధి మధ్యన నిలబడి చెప్పుకొన్నోడికి నువ్వు పాపమని ఒక గెలుపు పారేస్తావా?"

మా ఆడబిడ్డ నా భుజం పట్టుకుంది. "మతి పోయింది దీనికి, కొంచెం నీళ్లు తెండి" అంది. నేను ఆ చెయ్యి విదిలించుకున్నాను. నాకు మతి పోలేదు. నా కొడుకు ఇన్నేళ్లు చేసిన వాదన ఒకటుంది. ఇల్లు లేదు, పొలం లేదు, వాడిదంటూ మిగిలింది అదొక్కటే. దాన్ని అందరూ కలిసి జాలితో పూడ్చిపెడుతుంటే చూస్తూ కూర్చోమంటారా?

టైలరు మొహం ఎర్రబడింది. పైకండువతో కళ్లు తుడుచుకున్నాడు. "అయితే చెప్పమంటావా?"

"చెప్పు."

"నీ కొడుకు మెచ్చిన నల్లాయన కొట్టినోళ్లలో సగం మంది చెత్త."

"చెత్తయినా ఎదురుగా వచ్చి నిలబడినారు కదా. మీ పాతాయన ముందర నిలబడతామన్నోళ్లను నిలబడనిచ్చినాడా? తప్పించుకొన్నోళ్ల బరువు ఎవరు తూస్తారు?"

"తప్పించుకొన్నాడని నీకెవరు చెప్పినారు?"

"నువ్వే. పేపర్లో చదివినావు. నా కొడుకు కక్కిస్తే చదివినావు."

ఆయన ఇంకో మాట వెతికాడు. నేనూ వెతికాను. వచ్చిన చుట్టాలు విస్తళ్ల ముందర నోళ్లు వెళ్లబెట్టి కూర్చున్నారు. వడ్డించిన సంగటి ఆరి గట్టిపడింది. అంత కోపంలోనూ ఆ ఇంట్లో ఆ గొంతుల గొడవ మళ్లీ వినబడుతుంటే, వాడు చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడేమో, ఇప్పుడే వచ్చి నా మాటకు కూడా అడ్డు చెబుతాడేమో అనిపించింది.

ఎవరు గెలిచారంటే ఎవరూ గెలవలేదు. అది తేలే వాదన కాదని నాకు ఇప్పుడు అర్థమయింది. టైలరు ఇప్పటికీ పేపరు తెచ్చి అరుగు మీద చదువుతాడు. మొన్న చదువుతూ చదువుతూ గొంతు కిందికి పోయింది. "మింగినావు" అన్నాను. తల ఎత్తకుండానే మళ్లీ మొదటి నుంచి చదివాడు.

గోతం ఇంకా అట్లాగే వేలాడుతోంది. తీసేద్దామని కొడవలి తీసుకుని పోయాను ఒకనాడు పొద్దున్నే. కోళ్లు అప్పటికే వచ్చి దాని కింద నిలబడి ఉన్నాయి. వాడు లేడని వాటికి ఎవరు చెప్తారు? మెడలు పైకెత్తి గోతాన్ని చూస్తున్నాయి, నన్ను చూస్తున్నాయి. చేట తెచ్చి ఇన్ని నూకలు చల్లాను. ముట్టలేదు. గోతం వైపే చూస్తున్నాయి. వాడి మొండితనమే వీటికీ అంటింది.

కొడవలి గోడకు ఆనించాను. చీర కొంగు నడుముకు దోపుకుని, పిడికిలి బిగించి గోతాన్ని ఒకటి గుద్దాను. కదలను కూడా కదల్లేదు. వేళ్లు నొప్పి పుట్టాయి. ఇంకొకటి గుద్దాను.

ఎదురు అరుగు మీద మిషను ఆగింది.

"అట్ల కాదక్కా" అన్నాడు టైలరు. "చెయ్యి మాత్రం కాదు, భుజం కూడా రావాల. నీ కొడుకు నీకన్నా మేలు."

"నోరు మూసుకొని నీ పని చూసుకో" అన్నాను. భుజం తోసి మళ్లీ గుద్దాను. గోతం వెనక్కి ఊగింది. నా తల మీద, భుజాల మీద ఊక రాలింది. కాళ్ల దగ్గర కోళ్లు కుమ్ములాడుకుంటున్నాయి.